నడచుచు మాటలాడుట



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము పైకి మిక్కిలి చిన్నదిగా కనబడును. మనుష్యుడు నడచుచు మాటలాడగలడా? ఇదియు నొక ప్రశ్నయేనా యని మీరు నవ్వవచ్చును. తలపై నొక బిందెయు, చంకలో నొక బిందెయు పెట్టుకొని, లోకమందలి కథలన్నియు చెప్పుకొనుచు చెఱువునుండి వచ్చు స్త్రీలను మనము చూచియున్నాము. మేడి పట్టి దున్నుచు పదము పాడుకొను రైతును చూచియున్నాము. నేను బాల్యమున గురువుగారి యింటికి రెండు మైళ్లు నడచుచు, దారిపొడవున అమరకోశము వల్లించుచు పోవుచుండెడివాడను. ఒకప్పుడు శ్లోకము తప్పెడిది గాని, అడుగు తప్పెడిది కాదు.

అయినను మన యూళ్లలోనే మఱియొక దృశ్యము కలదు. ఒక వృద్ధుడు వీథివెంట మెల్లగా నడచి వచ్చుచుండును. అరుగుమీద కూర్చున్నవా రెవరో, "మామయ్యగారూ, ధాన్యము అమ్మినారా?" అని యడుగుదురు. ఆయన వెంటనే బదులు చెప్పడు. మొదట నిలుచును. రెండు పాదములను కుదురుగా నేలపై నాని, కఱ్ఱ ఊతము సరిచూచుకొని, అటుపిమ్మట "ఇంకను లేదు నాయనా" అని చెప్పును. చెప్పుట ముగిసిన తరువాత మరల నడక సాగించును. చూచినవారు ముసలితన మందురు; కొందఱు మొండితన మందురు; ఇంటివారు "పిలిచిన పలుకడు" అని విసుగుకొందురు. ఆ నిలుచుటలో మెదడునకు సంబంధించిన మర్మ మొకటి యున్నది. దానిని తెలిసికొన్నచో మన పెద్దలలో కొందఱికి ఎముకలు విఱుగకుండ కాపాడుకొనవచ్చును. అందుచేతనే ఈ ప్రసంగము.

మన పూర్వులు ఈ విషయమును విచారింపక పోలేదు. గౌతమమహర్షి న్యాయదర్శనమున మనస్సును గూర్చి చెప్పుచు, ఒకే క్షణమున రెండు జ్ఞానములు పుట్టకుండుటయే మనస్సు కలదనుటకు గుఱుతు అని నిర్ణయించెను. మనస్సు ఒక్కటి; అది ఒక క్షణమున ఒక యింద్రియముతోనే కూడును. అట్లైన మనము చూచుటయు, వినుటయు ఒక్కమాఱే చేయుచున్నట్లు తోచుచున్నదే యని శిష్యు డడిగినచో, తార్కికులు తామరరేకుల దృష్టాంతము చెప్పుదురు. నూఱు రేకులను దొంతరగా పేర్చి సూదితో గ్రుచ్చినచో అన్నియు నొక్కమాఱే తెగినట్లు కనబడును. నిజమునకు సూది ఒక్కొక్క రేకునే వరుసగా దాటినది. మనస్సు వేగముగా అటునిటు తిరుగుటచేత రెండును ఏకకాలమున జరిగినట్లు భ్రమ కలుగుచున్నది.

ఇక్కడ నొక సందేహము వచ్చును. మనస్సు ఒక్కటే యైనచో, బిందెల స్త్రీ నడకను, మాటను, బిందెను ఎట్లు నిర్వహించుచున్నది? దానికి సమాధానము అభ్యాసము. వేయిమార్లు చేసిన పని మనస్సు నపేక్షింపదు. పసిబిడ్డ తొలి యడుగులు వేయునప్పుడు చూడుడు: ముఖమంతయు శ్రద్ధయే. ఆ క్షణమున తల్లి పిలిచినచో కూలబడును. అయిదేండ్లు నిండునప్పటికి వాడే పరుగులిడుచు కేకలు వేయును. నడక మనస్సు చేతినుండి జాఱి, సంస్కారము చేతిలో పడినది.

దీనిని మనకు తెలిసిన యెడ్లబండితో పోల్చి చెప్పెదను. సంతకు పోయి రాత్రివేళ తిరిగివచ్చు బండివాడు నిద్రపోవును. దారి యెఱిగిన యెడ్లు వానిని భద్రముగా ఇంటికి చేర్చును. వాడు మేలుకొని యున్నను లెక్కలు చూచుకొనవచ్చును, పాట పాడుకొనవచ్చును. ఎడ్లు క్రొత్తవైనచో అట్లు సాగదు. ప్రతి మలుపునను పగ్గము పట్టవలెను, ప్రతి గుంటను తానే చూడవలెను. అట్టివానిని "సంతలో ఎంత ఖర్చైనది?" అని యడిగినచో రెండే మార్గములు: బండి ఆపి లెక్క చెప్పుట, లేదా లెక్క చెప్పుచు బండిని గోతిలో దింపుట.

ఆరోగ్యవంతుని మెదడులో బండివాడును వేఱు, ఎడ్లును వేఱు. నొసటి యెముక వెనుకనున్న భాగము బండివాడు. ఆలోచించుట, నిర్ణయించుట, లెక్క వేయుట, ఒక పనినుండి మఱియొక పనికి దృష్టి మరల్చుట దానివంతు. దానిని నేను నొసటి మెదడని చెప్పుదును. మెదడు లోపల, అడుగుభాగమున, బూడిదవన్నె ముద్దలు కొన్ని కలవు. తలవెనుక చిన్నమెదడు కలదు. అలవాటైన కదలికలను పెద్దగా తలంపు లేకయే నడపునవి ఇవి. నడచునప్పుడు అడుగు పొడవు, చేతుల ఊపు, ఒడలి తూకము మొదలగువానిని ఇవియే చూచుకొనును. నొసటి మెదడు "ఇంటికి పోదము" అని యాజ్ఞ యిచ్చి తన తలపులలో తాను మునుగును.

ఈ యెడ్లు దారి మఱచిన రోగ మొకటి కలదు. మన వైద్యులు కంపవాత మనియు, జనులు వణుకుడు జబ్బనియు చెప్పుదురు. లండను చెంతనున్న హాక్స్టనులో వైద్యుడైన జేమ్స్ పార్కిన్సన్ 1817వ సంవత్సరమున దీనిని గూర్చి చిన్న గ్రంథము వ్రాసెను. అందు ఆఱుగురు రోగుల స్థితిని మాత్రమే వర్ణించెను. వారిలో కొందఱు ఆయనకు వీథిలో కనబడినవారే. యంత్రములేవియు లేకయే, నడక తీరును, వంగిన వెన్నును, విశ్రాంతిగా నున్నప్పుడు వణకు చేతిని ఆయన చూచినాడు. తరువాత ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో ఆ వ్యాధికి పార్కిన్సన్ పేరే పెట్టెను. ఈ రోగమున బుద్ధి చెడదని పార్కిన్సన్ తలచెను. రోగులలో పలువురకు కాలక్రమమున ఆలోచన కూడ మందగించునని నేడు తెలియుచున్నది.

వ్యాధికి మూలము మెదడు నడుమనుండు నల్లని జీవకణముల గుంపు. ఆ కణములు డోపమైన్ అను రసమును తయారుచేసి, నేను చెప్పిన లోపలి ముద్దలకు పంపుచుండును. కణములు క్రమముగా నశించుటచే రసము కొఱతపడును. రోగుల మెదడులో ఆ కొఱతను 1960లో వియన్నా నగరమున ఎహ్రింగర్, హార్నికీవిచ్ అనువారు కనుగొనిరి. అటుపిమ్మట లెవోడోపా అను మందు వాడుకలోనికి వచ్చెను. నేటికిని ముఖ్యమైన మందు అదియే. దీనికి మన ప్రాంతముతో సంబంధ మొకటి కలదు. కంచెలమీద అల్లుకొని, కాయనూగు తగిలినచో ఒడలెల్ల దురద పుట్టించు దూలగొండిని మీ రెఱుగుదురు. ఆయుర్వేదమున దానికి కపికచ్ఛువని పేరు. ఆ గింజలనుండి ఈ లెవోడోపాను వేఱుచేసి, 1937లో మదరాసునందలి దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అది కంపవాతమునకు పనికివచ్చునని లోకమునకు తెలియుటకు ఇంకను ఇరువది యేండ్లకు పైగా పట్టినది. ఇది విని యెవరును గింజలు నూరి త్రాగవలదు. గింజ గింజకు మందు పాలు మాఱును. మోతాదు తప్పినచో మేలునకు బదులు కీడు కలుగును.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వచ్చెదను. డోపమైన్ కొఱతపడినప్పుడు లోపలి ముద్దలు తమ పని సరిగా చేయలేవు. నడక అలవాటు స్థితినుండి జాఱిపోవును. అంతమాత్రమున రోగి నడక మానడు. నొసటి మెదడు దిగివచ్చి పగ్గము పట్టును. నిన్నటిదాక తనంతట జరిగిన పనిని నేడు అడుగడుగునకు ఆలోచించి చేయించును. అనగా ఆ వృద్ధుడు పసిబిడ్డవలె ప్రతి యడుగునకును శ్రద్ధ చెల్లించుచున్నాడు. మన కంటికి మెల్లగా నడచుచున్న మనిషి కనబడును. లోపల నొక విద్యార్థి పరీక్ష వ్రాయుచున్నాడు.

ఇది ఊహయా, నిదర్శన మున్నదా యని మీరడుగుట న్యాయము. మెదడులో ఏ భాగము పనిచేయునో ఆ భాగమునకు రక్తము ఎక్కువగా వచ్చును. కాలువ మళ్లిన మడిని చూచి ఎక్కడ సాగు జరుగుచున్నదో చెప్పినట్లు, రక్తము మళ్లిన చోటు చూచి మెదడు పనిని తెలిసికొందురు. అయస్కాంతశక్తితో ఈ పరీక్ష చేయు పద్ధతిని 1990లో ఒగావా అను జపానుదేశస్థుడు తెలిపెను. 2005లో వూ, హాలెట్ అను పరిశోధకులు కంపవాత రోగులకు వ్రేళ్ల కదలికల వరుసలు నేర్పి, బాగుగా అలవాటైన తరువాత యంత్రములో పరీక్షించిరి. వేఱొక ప్రక్క అక్షరములు లెక్కపెట్టు పని కూడ నిచ్చి చూచిరి. సులభమైన వరుసలను రోగులును నేర్చుకొనగలిగిరి. అయితే అదే పనికి వారి మెదడు ఆరోగ్యవంతుల మెదడుకంటె ఎక్కువ పాటుపడుట కనబడినది.

ఆ యంత్రములో మనిషి సొరంగమువంటి చోట కదలక పండుకొనవలెను. పండుకొన్నవాని నడక నెట్లు చూతుము? దానికి మఱియొక యుపాయము దొరకినది. పిల్లలు చీకటిలో టార్చిలైటును అఱచేతితో మూసి, వ్రేళ్లు ఎఱ్ఱగా మెఱయుట చూచి ఆడుకొందురు. వెలుగు మాంసమును దాటి వచ్చుచున్న దన్నమాట. కంటికి కనబడని ఎఱుపునకు ఆవలి వెలుగు మఱింత లోతునకు పోవును. పుఱ్ఱెను దాటి మెదడు పైపొరను తాకి తిరిగివచ్చును. ప్రాణవాయువు గల రక్తము ఆ వెలుగును ఒక తీరున మ్రింగును, లేని రక్తము మఱియొక తీరున మ్రింగును. ఈ మార్గమును 1977లో జాబ్సిస్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. ఇప్పుడు నొసటికి పట్టీవలె ఆ దీపములు కట్టి, మనిషిని నడిపించుచునే నొసటి మెదడు పని నెఱుగుచున్నారు.

2011లో న్యూయార్కు నగరమున ఇట్టి పరీక్ష జరిగినది. మొదట ఊఱక నడువుమనిరి. తరువాత వర్ణమాలలో ఒక యక్షరము విడిచి ఒక యక్షరము చెప్పుచు నడువుమనిరి. మన భాషలో నైనచో క విడిచి ఖ, గ విడిచి ఘ అనుచు నడచుట వంటిది. మాట చేరినంతనే నొసటి మెదడునకు ప్రాణవాయువుగల రక్తము హెచ్చినది. ఆ హెచ్చు యువకులలో ఎక్కువగను, వృద్ధులలో తక్కువగను ఉండెను. రోగము లేని వృద్ధునికి కూడ కష్టకాలమున తీసి వాడుకొనుటకు గాదెలో ధాన్యము కొంత తక్కువ యన్నమాట.

2016లో ఇజ్రాయేలు దేశపు పరిశోధకులు కంపవాత రోగులను, అదే వయస్సు ఆరోగ్యవంతులను పోల్చి చూచిరి. ఊఱక నడచునప్పుడే రోగుల నొసటి మెదడు ఆరోగ్యవంతులకంటె ఎక్కువ పనిచేయుచుండెను. నడచుచు లెక్క చేయుమన్నప్పుడు ఆరోగ్యవంతుల నొసటి మెదడు పని హెచ్చినది. రోగులలో చెప్పుకొనదగినంత హెచ్చలేదు. గాదెలోని గింజలు నడకకే వ్యయమైపోయినవి, మాటకు మిగులలేదు. నేను బండి దృష్టాంతముతో చెప్పినదానికి నిదర్శన మిది.

ఈ విషయము ఏ యంత్రమును లేకయే స్వీడను దేశమున ఉమియో పట్టణమున తెలిసినది. 1997లో అక్కడి పరిశోధకులు వృద్ధుల వసతిగృహములలోని 58 మందితో కలిసి నడచుచు మాట కలిపి చూచిరి. 12 మంది మాట మొదలైనంతనే నడక ఆపిరి. తరువాత 6 మాసములలో ఆ 12 మందిలో 10 మంది పడిరి. ఒక మాట, ఒక చూపు. ఖర్చు లేని పరీక్ష. అయితే దీనిని తప్పుగా గ్రహింపరాదు. ఆ 6 మాసములలో పడినవారు మొత్తము 21 మంది. వారిలో 11 మంది మాటకు ఆగనివారే. కావున ఆగువానికి అపాయము హెచ్చని తెలిసికొనవలెనే కాని, ఆగనివానికి అపాయము లేదని ధీమా పడరాదు. మఱియు, ఆగుటయే పడుటకు కారణమని తలపరాదు. ఆగుట గుఱుతు, కారణము లోపలి కొఱత.

నాతో 20 ఏండ్లు కలిసి పనిచేసిన వ్యాకరణపండితు డొకరికి ఈ వ్యాధి వచ్చెను. శబ్దసందేహము ఎవరు తెచ్చినను తీర్చక విడువని మహానుభావుడు. వ్యాధి ముదిరిన తరువాత నొకనాడు నాతో నిట్లనెను: "నా కాళ్లిప్పుడు క్రొత్తగా అక్షరములు దిద్దు పిల్లవాని వంటివి. నా కన్ను వానిమీదనే యుండవలెను. మీవంక తిరిగితినా, వాడు పలక పడవేసి పాఱిపోవును." ఇంతకంటె చక్కగా ఏ వైద్యశాస్త్రము చెప్పగలదు? ఆయనకు నిలిచి మాటలాడుట మేలని తెలియును. అయినను పెద్దమనిషి తరహా. ఎదుటివాడు కాచుకొని యుండగా మారుమాట పలుకక పోవుట మర్యాద కాదని నడచుచునే బదులు చెప్పబోవువాడు. ఒకనాటి సాయంకాలము చేతిలో రాగిచెంబుతో గడప దాటుచుండగా, వెనుకనుండి మనుమడు "తాతయ్యా, ఈ సంధి యేది?" అని యడిగెను. ఆయన సూత్రము పూర్తిగా చెప్పెను. కాలు మాత్రము గడప దాటలేదు. తుంటి యెముక విఱిగి నెలల తరబడి మంచము పట్టెను.

ఇందు నొక విశేషము గమనింపుడు. ఆరోగ్యవంతుడు ఇరుకున పడినప్పుడు అతని మెదడు తనంతటనే ఒడలి తూకమునకు మొదటి స్థానమిచ్చును. జాఱుడు గట్టుమీద నడచుచు మనము మాట మధ్యలో ఆపివేయుదుము. గట్టు దాటిన తరువాత మిగిలినది చెప్పుదుము. నెదర్లాండ్సు దేశపు వైద్యుడు బ్లూమ్, ఆయన సహచరులు ఈ విషయమును పరీక్షించి, కంపవాత రోగులలో పలువురు ఈ వివేకమును పాటింపలేరని చూపిరి. వారు మాటను, నడకను రెండింటిని సాగింపజూతురు. చివరకు నష్టపోవునది అడుగు. కాబట్టి నిలిచి బదులు చెప్పు వృద్ధుడు మెలకువగలవాడు. ఆయనను తొందరపెట్టి నడిపించువారే అపాయమును కొనితెచ్చుచున్నారు.

మన తెలుగుదేశపు అవధానవిద్య నెఱిగినవారు ఇచ్చట ఆక్షేపింపవచ్చును. అష్టావధాని సమస్యను పూరించుచు, నిషిద్ధాక్షరిని దాటుచు, అప్రస్తుత ప్రసంగమునకు నవ్వుచు బదులిచ్చుచు, నడుమనడుమ మ్రోగు గంటలను కూడ లెక్కపెట్టుచుండును గదా! తిరుపతి వేంకటకవులు ఊరూర ఈ విద్యను ప్రదర్శింపలేదా? నిజమే. అయితే అవధాని కూర్చుండి యుండును. ఒడలి తూకము చూచుకొను భారము ఆయనకు లేదు. పృచ్ఛకులు వంతులవారీగా అడుగుదురు. ఛందస్సు ఆయనకు మన నడకవలె సహజమైపోయినది గనుక, మనస్సు అర్థమును వెదకుటకు తీరిక కలిగి యున్నది. సాధనచే అలవాటు పెరిగిన కొలది మనస్సునకు తీరిక పెరుగు ననుటకు అవధానము నిదర్శనము. అలవాటు చెడిన కొలది తీరిక తఱుగు ననుటకు ఈ వ్యాధి నిదర్శనము.

ఆ తీరికను సాధనచే కొంత తిరిగి సంపాదింపవచ్చునా? కొంతవఱకు అవుననియే తేలినది. 2016లో ప్రకటితమైన పరీక్ష యొకటి బెల్జియము, ఇజ్రాయేలు, ఇటలీ, నెదర్లాండ్సు, ఇంగ్లండు దేశములలో, అంతకుముందే పడుచుండిన 302 మంది వృద్ధులతో జరిగినది. వారిలో కంపవాత రోగులును కలరు. అందఱును కదలు పట్టాపై వారమునకు 3 మార్లు, 6 వారములు నడచిరి. సగము మందికి ఎదుట తెఱపై దారియు, అడ్డంకులును చూపి, నడచుచునే చూచి, తలచి, నిర్ణయించునట్లు చేసిరి. తరువాతి 6 మాసములలో ఊఱక నడచినవారు సగటున 8 మార్లకు పైగా పడగా, తలపుతో కూడి నడచినవారు 6 మార్లు పడిరి. 2017లో బెల్జియము, నెదర్లాండ్సు దేశములలో 121 మంది కంపవాత రోగులతో జరిగిన మఱియొక పరీక్షలో, నడకను, తలపును జోడించి సాధన చేయించుటవలన పడుట హెచ్చలేదని తేలినది. ఇట్టి సాధన నేర్పరియైన వైద్యుని పర్యవేక్షణలో, ప్రక్కన పట్టుకొను మనిషి యుండగా జరుగవలెను. ఇంటివారు దారిలో ప్రశ్నలు గ్రుప్పించుట సాధన కాదు.

ఇంకొక వింత వినుడు. ఈ రోగులలో కొందఱికి నడచుచుండగానే పాదములు నేలకు అంటుకొన్నట్లు ఆగిపోవును. ద్వారము చెంతను, మలుపునందును, తొందరపడినప్పుడును ఇది హెచ్చు. అట్టివారి యెదుట నేలపై అడ్డగీతలు గీచినచో గీతను దాటుచు సాగిపోగలరని ఇంగ్లండున పర్డన్ మార్టిన్ అను వైద్యుడు 1967లో వ్రాసెను. 2010లో నెదర్లాండ్సునందలి వైద్యులు తెలిపిన యొక రోగి నాలుగడుగులు నడువలేకపోయినను సైకిలెక్కి చక్కగా త్రొక్కెడివాడు. తాళమునకు అడుగు కలిపి నడచినచో నడక మెఱుగగుటయు పరీక్షలలో కనబడినది. కారణ మేమన, లోపలినుండి వచ్చు ఆజ్ఞకు దారి మూసికొన్నను, కన్ను చూచిన గీత, చెవి విన్న తాళము వేఱొక త్రోవను మెదడునకు అడుగు నందించుచున్నవి. పెద్దదారి తెగినప్పుడు డొంకదారిని బండి తోలినట్లు.

ఇప్పుడు మన యిండ్లలో చేయదగినవి చెప్పెదను. నడచుచున్న వృద్ధుని వెనుకనుండి పిలువరాదు. ఎదుటికి వచ్చి, ఆయన నిలిచిన తరువాత పలుకరింపవలెను. ఆయన నిలిచినచో మీరును నిలువుడు. గడప దాటునప్పుడు, మెట్లు దిగునప్పుడు, మలుపు తిరుగునప్పుడు ప్రశ్న వేయకుడు. రెండు చేతులలో వస్తువులు పెట్టకుడు. ఒక చేయి గోడకో కఱ్ఱకో మిగులనిండు. రాత్రివేళ లేచునప్పుడు దీప ముండవలెను, దారిలో చాపలును, బిందెలును ఉండరాదు. పాదము అంటుకొన్నప్పుడు చేయి పట్టి లాగవద్దు, లాగిన పడును. నిలువనిచ్చి, ఒక్క దీర్ఘశ్వాస తీయించి, "ఒకటి, రెండు" అని లెక్క పెట్టుడు. అంటుకొను చోట గజమునకు తక్కువ యెడముతో సున్నపు చారలు అడ్డముగా గీయవచ్చును. ముగ్గులు వేయు చేతులకు ఇది కష్టము కాదు. చార అడ్డముగా నుండవలెనే గాని, పద్మము వలదు.

కంపవాతముననే కాదు, పక్షవాతము వచ్చి కోలుకొన్నవారియందును, మతి తప్పుచున్న వృద్ధులయందును నడకయు తలపును ఇట్లే పోటీపడును. మన పెద్దలలో నెవరైనను ఇటీవల మాటకు ఆగుచున్నను, అడుగులు చిన్నవగుచున్నను, నడచునప్పుడు ఒక చేయి ఊగకున్నను, వ్రాలు చిన్నదగుచున్నను ముసలితనమని విడువక నరముల వైద్యునికి చూపవలెను. వణకు ప్రతి చేయియు కంపవాతము కాదు. కంపవాతము గల ప్రతివారును వణకరు. ఏది యేదో వైద్యుడే చెప్పవలెను. మందు నియమిత కాలమునకు ఈయవలెను. తగ్గినదని ఒక్కసారిగా మానిపింపరాదు. అట్లు మానుట అపాయకరము.

పైన చెప్పిన వ్యాకరణపండితుడు మంచమునుండి లేచిన తరువాత ఇంటివారు ఒక నియమము చేసికొనిరి. ఆయన నడచునప్పుడు మౌనము, నిలిచినప్పుడు మాట. చిన్నపిల్లలు సైతము దానిని పాటించిరి. ఆయన వీథిలో నడుమ నిలిచినచో, ఎదుటివాడును నిలిచి చేతులు కట్టుకొని వినెడివాడు. లోపమని తలచినది గౌరవముగా మాఱినది. తరువాత కొన్ని సంవత్సరములు ఆయన దేవాలయమువఱకు తన కాళ్లతోనే పోయివచ్చెను.

పిలిచిన పలుకలేదని పెద్దలమీద కోపించుటకు ముందు, వారి కాళ్లవంక నొకసారి చూడుడు. నడచుచున్నచో, వా రప్పటికే యొక పెద్ద పనిలో నున్నారు. ఆ పని ముగియునంతవఱకు మన ప్రశ్న కాచుకొనవచ్చును. ధాన్యపు ధర నిమిషములో మాఱదు. విఱిగిన తుంటి నిమిషములో అతుకదు.

 మీ యింటి పెద్దలు చిరకాలము తమ కాళ్లపై తాము తిరుగుదురు గాక. సెలవు.